చక్రం వణికితే కాళ్లు బిగించకండి



హ్యాండిల్ లేదు. సీటు లేదు. చేత్తో నొక్కే బ్రేకు లేదు. ఉన్నదల్లా ఒక్క చక్రం. దానికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, పాదాలు మోపుకోవడానికి రెండు పెడళ్లు. అలాంటి బండి మీద ఓ మనిషి నిటారుగా నిలబడి, చేతులు వదిలేసి, రోడ్డు మీద సాగిపోతుంటే మీరెప్పుడైనా చూశారా?

చిన్నప్పుడు సర్కస్‌లో ఒంటిచక్రం సైకిలు తొక్కేవాళ్లని చూసి చప్పట్లు కొట్టినవాళ్లం మనం. ఇదీ ఒంటిచక్రమే. కాకపోతే తొక్కే పని లేదు. లోపల బ్యాటరీ ఉంటుంది, మోటారు ఉంటుంది. మీరు ముందుకు వాలితే ముందుకు పోతుంది. వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. అంతే. సూర్యుడి రథానికి ఒకటే చక్రమని మన పురాణాలు చెబుతాయి. ఆ రథానికి ఏడు గుర్రాలు. దీనికి ఒక్క మోటారు. అమెరికాలో షేన్ చెన్ అనే ఆయన 2011లో సోలోవీల్ పేరుతో ఇలాంటి బండిని అమ్మకానికి తెచ్చారు. తర్వాత చైనా కంపెనీలు రకరకాలుగా తయారుచేశాయి. ఇప్పుడు మనవైపు కూడా ఒకటీ అరా కనిపిస్తున్నాయి.

ఇవాళ ఈ బండి గురించి ఒకే ఒక్క సంగతి మాట్లాడుకుందాం. అది వణకడం గురించి. వేగం అందుకున్నాక చక్రం ఉన్నట్టుండి అటూ ఇటూ కొట్టుకోవడం గురించి. మీ ఇంట్లో ఈ బండి లేకపోయినా రేడియో కట్టెయ్యకండి. మీ స్కూటర్‌కీ, మీ మోటార్ సైకిల్‌కీ ఇదే జబ్బు వస్తుంది. ఆ మాటా చెబుతాను.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ బండి లోపల సెన్సర్లు ఉంటాయి. బండి ముందుకి ఎంత వాలింది, వెనక్కి ఎంత వాలింది అని అవి సెకనుకి వందలసార్లు కొలుస్తాయి. దాన్నిబట్టి మోటారు చక్రాన్ని తిప్పుతుంది. మీరు ముందుకు పడబోతే చక్రం మీ కిందికి పరుగెత్తుకొస్తుంది. అంటే ముందుకీ వెనక్కీ పడకుండా మోటారు చూసుకుంటుంది. మరి పక్కలకి? పక్కలకి పడకుండా చూసుకునేది మోటారు కాదు, మీరే. మళ్లీ చెబుతున్నాను. ముందూ వెనకా మోటారు పని. కుడీ ఎడమా మీ పని. వణుకు పుట్టేది ఈ కుడి ఎడమల మధ్యే. అందుకే ఎంత ఖరీదైన బండి కొన్నా వణుకుకి మందు మాత్రం మీ కాళ్లలోనే ఉంది.

మొన్న బాపట్లలో ఒక ఆటస్థలంలో ఒకబ్బాయి నేర్చుకుంటున్నాడు. వాళ్ల నాన్న రమ్మంటే వెళ్లి చూశాను. చిన్న బండి. 14 అంగుళాల చక్రం. మొదట మెల్లగా బాగానే తిరిగాడు. గోల్‌పోస్టు దగ్గర మలుపు తిరిగి, నేరుగా ఉన్న చోట కాస్త ముందుకు వాలాడు. బండి వేగం అందుకుంది. నేను అతని మొహం చూడలేదు, కాళ్లే చూస్తున్నాను. మోకాళ్లు రెండూ పూర్తిగా చాపేశాడు. పిక్కల మీద నరాలు తేలాయి. బూట్లలో కాలివేళ్లు ముడిచేశాడని బూటు పైన పడ్డ ముడతలే చెబుతున్నాయి. ముందు ఓ సన్నటి వణుకు. క్షణంలో అది పెద్దదైంది. చక్రం టకటకా కుడికీ ఎడమకీ కొట్టుకుంది. అబ్బాయి దూకి నాలుగడుగులు పరుగెత్తి నిలదొక్కుకున్నాడు. బండి పక్కకి పడి గడ్డిలో దొర్లింది.

దగ్గరికొచ్చి ఏమన్నాడో తెలుసా? "గట్టిగా పట్టుకుందామని బిగించాను మాస్టారూ. బిగించినకొద్దీ ఎక్కువైపోయింది" అన్నాడు.

సరిగ్గా చెప్పాడు. ఎందుకలా అయిందో చూద్దాం.

మన ఊళ్లలో అట్లతద్దికి చెట్టుకొమ్మకి ఉయ్యాల వేస్తారు కదా. ఉయ్యాల ఊపేవాళ్లు ఏం చేస్తారు? పెద్ద బలమేమీ పెట్టరు. ఉయ్యాల తమ దగ్గరికొచ్చి, మళ్లీ వెనక్కి మళ్లే క్షణంలో చిన్నగా తోస్తారు. అదే సమయానికి మళ్లీ ఓ చిన్న తోపు. కాసేపటికి ఉయ్యాల కొమ్మ ఎత్తుకి వెళ్లిపోతుంది. తోపు చిన్నదే. కానీ వేళకి పడుతోంది. అదీ కిటుకు.

ఒంటిచక్రం మీద మీ కాళ్లు చేసేదీ అదే. చక్రం కొంచెం ఎడమకి వాలింది. మీ శరీరం కంగారుపడి కుడివైపు నొక్కుతుంది. కానీ మనిషి కంటికో కాలికో ఏదో తెలిసి, ఆలోచన పుట్టి, కండరం కదిలేసరికి సెకనులో ఐదో వంతు పోతుంది. చక్రమేమో అంతలోనే అటునుంచి ఇటు ఊగేస్తోంది. మీరు కుడికి నొక్కేసరికి అది తనంతట తనే కుడికి మళ్లిపోయి ఉంటుంది. మీ నొక్కు దాన్ని ఆపదు, ఇంకాస్త తోస్తుంది. ఈసారి ఎడమకి నొక్కుతారు. అదీ ఆలస్యమే. అదీ తోపే. సరిచేద్దామని మీరు చేసే ప్రతి పనీ వణుకుని పెంచుతుంది.

పైగా బిగుసుకున్న కండరం స్ప్రింగులా పనిచేస్తుంది. కదలికని తనలో ఇముడ్చుకోదు, తిరిగి ఇచ్చేస్తుంది. అదే వదులుగా ఉన్న కండరమైతే ఆ కదలికని మింగేస్తుంది.

ఈ సమస్య ఒక్క ఈ బండిదే అనుకోకండి. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో కూర్చున్నప్పుడు, పట్టాలు నేరుగా ఉన్నచోట కూడా పెట్టె కుడికీ ఎడమకీ ఊగడం మీరు గమనించే ఉంటారు. రైలుచక్రాలు పట్టా మీద దొర్లే భాగం ఏటవాలుగా ఉండటం వల్ల ఆ జంట చక్రాలు పట్టాల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోతాయి. ఆ మెలికకి లెక్క కట్టి 1883లోనే క్లింగెల్ అనే జర్మన్ ఇంజనీరు సూత్రం రాశారు. వేగంగా పోయే రైలుపెట్టెలకి ఆ ఊపుని మింగేసే డాంపర్లు బిగిస్తారు. విమానం నేల మీద పరుగెత్తేటప్పుడు ముందు చక్రం కొట్టుకోకుండా దానికీ డాంపర్ ఉంటుంది. రేసు మోటార్ సైకిళ్ల హ్యాండిల్‌కీ ఉంటుంది. ఊపుని మింగే పరికరం అన్నిటికీ ఉంది. ఒంటిచక్రానికి మాత్రం లేదు. ఎందుకు లేదు? ఆ పరికరం మీ మోకాలే కనుక. మోకాలు చాపేశారంటే, ఉన్న ఒక్క డాంపర్‌నీ మీరే పీకి పారేసినట్టు.

సరే, ఏం చెయ్యాలి?

మొదటిది, మోకాళ్లు కాస్త వంచండి. కుర్చీలో కూర్చోబోయేవాడిలా అక్కర్లేదు, కాస్తంతే. కాలివేళ్లు ముడవకండి. పాదం మొత్తం పెడల్ మీద పరిచినట్టుండాలి.

తర్వాత మీ పాదాలు చూసుకోండి. రెండూ ఒకే వరసలో, సరిసమానంగా ఉన్నాయా? అయితే ఒక పాదాన్ని అరంగుళం ముందుకి, రెండో పాదాన్ని అరంగుళం వెనక్కి పెట్టండి. రెండు కాళ్లూ సరిసమానంగా ఉంటే రెండు పక్కల నుంచీ ఒకే రకం తోపు, ఒకే వేళకి పడుతుంది. కొంచెం ఎచ్చుతగ్గు చేస్తే ఆ లయ తప్పుతుంది. లయ తప్పితే వణుకు పెరగదు. ఎక్కేముందే ఇలా పెట్టుకోండి. పోతూ పోతూ పాదాలు సర్దుకోవద్దు.

ఇక వణుకు వచ్చేసిందే అనుకోండి. అప్పుడు? చాలామంది భయపడి ఒక్కసారిగా వెనక్కి వాలిపోతారు. బండి ఆగిపోవాలని. అది వద్దు. గట్టి బ్రేకు పడ్డప్పుడే వణుకు చాలాసార్లు ముదురుతుంది. ఎందుకంటే వెనక్కి వాలగానే బరువంతా మడమల మీదికి పోతుంది, మోకాళ్లు మళ్లీ చాచుకుంటాయి. అందుకని మెల్లగా, దఫదఫాలుగా వేగం తగ్గించండి. ఒక మోకాలిని లోపలికి తెచ్చి బండి పక్కనున్న మెత్తకి ఆనించండి. ఒక మోకాలే. రెండూ కలిపి నొక్కితే మళ్లీ బిగింపే. చోటుంటే పెద్ద వంపుతో మెల్లగా కుడికి ఓసారి, ఎడమకి ఓసారి మళ్లండి. మీరే కావాలని బండిని ఒక పక్కకి వాల్చినప్పుడు అది ఆ వంపులో నిలబడుతుంది. నేరుగా పోతున్నప్పుడే దానికి ఊగడానికి సందు దొరుకుతుంది.

ఇంకోసారి చెబుతాను, రేడియో కదా, వెనక్కి తిప్పి చదువుకోవడానికి లేదు. మోకాళ్లు వదులుగా. ఒక పాదం ముందు, ఒక పాదం వెనక. వణుకు వస్తే బిగించొద్దు, గబుక్కున ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి.

ఆ బాపట్ల అబ్బాయి చేత అదే సాయంత్రం మళ్లీ ఎక్కించాం. ఎడమ పాదం కాస్త ముందుకి పెట్టించాం. వేగం పెంచొద్దన్నాం. "నోటితో ఏదన్నా పాట పాడుకుంటూ పో" అన్నాను. పాట పాడేవాడు ఊపిరి బిగబట్టలేడు. ఊపిరి బిగబట్టనివాడు కాళ్లూ బిగించడు. అతను హాయిగా తిరిగొచ్చాడు. వణుకు పూర్తిగా పోలేదు. చిన్నగా మొదలై, దానంతటదే సద్దుమణిగింది. కొత్తల్లో పిక్కలకి, చీలమండలకి ఆ పని అలవాటుండదు. వారాల తరబడి రోజూ కాసేపు తిరిగితే కాళ్లకి బలమూ వస్తుంది, ధైర్యమూ వస్తుంది. అంతవరకూ వేగం జోలికి పోకూడదు.

ఇక బండి సంగతి. టైర్లో గాలి మరీ ఎక్కువైతే ప్రతి గులకరాయికీ ఎగురుతుంది. మరీ తక్కువైతే టైరు పక్కలకి నలుగుతూ ఊగుతుంది. మీ బరువుకి ఎంత గాలి పెట్టమని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉందో అంత పెట్టించండి. తర్వాత కొంచెం కొంచెంగా మార్చి చూసుకోండి. టైరు మధ్యలో అరిగి చదునుగా అయిందేమో చూడండి. గుండ్రంగా ఉండాల్సిన టైరు చదునైతే సాఫీగా వాలదు, అంచు మీద తూలుతుంది. పెడల్ కీలు ఆడుతోందా? పక్క మెత్త వదులైందా? బోల్టులన్నీ బిగువుగా ఉన్నాయా? ఇవి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

ఇప్పుడు మన రోడ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడాలి. ఎందుకంటే ఈ బండితో ఇచ్చే పుస్తకం రాసినవాళ్లకి మన కృష్ణా డెల్టా తెలియదు.

తెనాలి, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె. ఈ దారంతా చాలాచోట్ల నల్లరేగడి. ఆ మట్టి వానలకి ఉబ్బుతుంది, ఎండలకి బీటలిచ్చి కుంగుతుంది. దాని మీద ఎంత బాగా రోడ్డు వేసినా ఏడాది తిరిగేసరికి అలలు లేస్తాయి. కారులో పోయేవాళ్లకి ఆ అలలు హాయిగా ఊగినట్టుంటాయి. 14 అంగుళాల చక్రానికి మాత్రం ఒక్కొక్క అలా ఒక్కొక్క తోపు. చిన్న చక్రానికి బరువు తక్కువ, దాన్ని కదిలించడం తేలిక. గుంటలోకి దిగేదీ చిన్న చక్రమే ఎక్కువ. అందుకే అలలున్న రోడ్డు మీద మీ వేగం ఆటస్థలంలో ఉన్న వేగంలో సగం ఉండాలి.

తెనాలి కాలువగట్లు చూడముచ్చటగా ఉంటాయి. సాయంత్రం పూట ఆ గట్టు మీద పోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అక్కడ ఒకపక్క నీళ్లు. వణుకు వచ్చినప్పుడు పక్కకి మళ్లడానికి చోటు ఉండాలని ఇందాక చెప్పుకున్నాం. గట్టు మీద ఆ చోటు లేదు. నేర్చుకునే రోజుల్లో గట్లెక్కొద్దు.

వరి నూర్పిళ్ల రోజుల్లో, డిసెంబరు, జనవరి నెలల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. తర్వాత మినుములు, మొక్కజొన్న. పాపం రైతుకి అంత చదునైన చోటు ఇంకెక్కడుంది? ఆరబెట్టుకోనివ్వండి. కానీ గింజల మీద చక్రం వెళితే టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు పోతుంది. మినపగింజయితే మరీ. గింజలు చివర్న పల్చగా చెదిరి ఉంటాయి, కంటికి ఆనవు. పట్టా కనిపించినా, హద్దుగా పెట్టిన రాళ్లు కనిపించినా దూరంగానే వేగం తగ్గించి, దిగి, బండిని చేత్తో నడిపించుకుంటూ పోండి. రైలుగేటు దగ్గరా అంతే. పట్టాల పక్కనుండే సందులో ఈ చక్రం ఇరుక్కుంటుంది. దిగి దాటడంలో చిన్నతనమేమీ లేదు.

బాపట్ల నుంచి సూర్యలంక దారిలో మరో కథ. గాలికి ఇసుక రోడ్డు మీదికి కొట్టుకొస్తుంది. తారు మీద పల్చటి ఇసుక పొర కనిపించీ కనిపించకుండా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వీస్తుంది. నిలబడి పోయే మనిషి ఒళ్లంతా గాలికి అడ్డమే. రేపల్లె అవతల పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటేటప్పుడు ఆ గాలి ఎలా తోస్తుందో మోటార్ సైకిళ్ల వాళ్లకి బాగా తెలుసు. వంతెన అతుకుల దగ్గర కుదుపు, పక్కనుంచి గాలి, వెనకనుంచి లారీ. ఒంటిచక్రం బండికి అది తగిన చోటు కాదు. 216 నంబరు జాతీయ రహదారి మీదికి ఈ బండి తీసుకెళ్లొద్దు. ఈ మాట నేను నూరుసార్లయినా చెబుతాను.

వేగం గురించి ఒక లెక్క. ఒక్కటే చెబుతాను. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతూ ఎదురుగా స్తంభాన్ని గుద్దుకుంటే, ఒకటిన్నర మీటరు ఎత్తునుంచి పడ్డంత దెబ్బ. అదే 40 వేగంలో అయితే? రెండింతలు కాదు, నాలుగింతలు. ఆరు మీటర్ల పైచిలుకు ఎత్తు. అంటే రెండంతస్తుల మేడ. 20కీ 40కీ మధ్య ఇంత తేడా ఉంది.

ఇంకొక ప్రమాదముంది. ఇది వణుకుకన్నా పెద్దది. ముందూ వెనకా మోటారు చూసుకుంటుందని చెప్పాను కదా. ఎప్పటిదాకా చూసుకుంటుంది? దానికి బలం ఉన్నంతవరకే. బ్యాటరీ తగ్గేకొద్దీ ఆ బలం తగ్గుతుంది. బరువైన మనిషికి, ఎదురుగాలిలో, ఎగువకి పోయేటప్పుడు ఇంకా తొందరగా చాలకుండా పోతుంది. అప్పుడు బండి బీప్ బీప్‌మని అరుస్తుంది. పెడళ్ల ముందుభాగాన్ని పైకి లేపి మిమ్మల్ని వెనక్కి వాల్చుతుంది. అది బండి మిమ్మల్ని బతిమాలుకోవడం. దాన్ని కాదని ఇంకా ముందుకి వాలితే మోటారు చేతులెత్తేస్తుంది, మనిషి మొహం మీద పడతాడు. ఆ కూత వినగానే తగ్గాలి. ఆ కూత వినబడాలంటే చెవుల్లో పాటల తీగలు పెట్టుకోకూడదు.

స్కూటర్ల వాళ్లు, మోటార్ సైకిళ్ల వాళ్లు, మీకిచ్చిన మాట మర్చిపోలేదు.

వెనక రెండు పాల క్యాన్లు, లేదా ధాన్యం బస్తా, లేదా గ్యాస్ బండ. సీటు వెనకాల బరువు పెరిగేసరికి ముందు చక్రం తేలికవుతుంది. ఒక వేగం దగ్గర హ్యాండిల్ టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. "షేకింగ్ వస్తోంది" అంటారు మీరు. ఇదీ అదే వణుకు. ఇక్కడా గట్టిగా బిగించి పట్టుకుంటే ఎక్కువవుతుంది. హ్యాండిల్ వదలొద్దు, అలాగని భుజాలు బిగించొద్దు. ఒళ్లు కాస్త ముందుకి వంచండి. మోటార్ సైకిలైతే మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోండి. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. ముందు బ్రేకు మాత్రం గబుక్కున పట్టొద్దు.

ఇంటికెళ్లాక బండికి సెంటర్ స్టాండు వెయ్యండి. వెనక ఒకరిని బరువు వెయ్యమనండి, ముందు చక్రం నేలనుంచి లేస్తుంది. ఫోర్కుల్ని కిందిభాగంలో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్కుమని ఆడిందంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగు, వదులైనట్టు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. చక్రాన్ని తిప్పి చూడండి, రిమ్ము బెండు ఉంటే కంటికే తెలుస్తుంది. స్కూటర్లకి చక్రాలు చిన్నవి. కరెంటు స్కూటర్లకీ చిన్నవే. అందుకని గాలి సరిగ్గా ఉండటం వాటికి మరీ ముఖ్యం. బరువులు మోసేవాళ్లు, బరువుని వీలైనంత కిందికి, వీలైనంత ముందుకి కట్టుకోండి.

చివరిగా ఈ ఒంటిచక్రం కొనివ్వమని అడుగుతున్న పిల్లల తల్లిదండ్రులకి ఒక మనవి. మీరు వద్దంటారేమోనని పిల్లలు భయపడుతున్నారు, వాళ్లు పడతారేమోనని మీరు భయపడుతున్నారు. కొనాలనుకుంటే బండి కంటే ముందు ఐఎస్ఐ మార్కు హెల్మెట్ కొనండి. మణికట్లకి గార్డులు కొనండి, ఎందుకంటే పడేవాడు ముందు చేతులే ఆనిస్తాడు, విరిగేది ముందు మణికట్టే. మోకాలికి, మోచేతికి తొడుగులు. చెప్పులతో ఎక్కనివ్వకండి, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేయించండి. మొదటి వారాలు ఏదైనా బడి ఆవరణలోనో ఆటస్థలంలోనో అనుమతి అడిగి నేర్పించండి. మీరూ వెంట వెళ్లండి. అక్కడ నిలబడి వాడి వేగం చూడకండి, మోకాళ్లు చూడండి. అవి చాచుకుంటున్నాయనిపించగానే, "ఆగు నాన్నా, కాసేపు కూర్చో" అని పిలవండి. అలిసిన కాలు బిగుసుకుంటుంది, బిగుసుకున్న కాలే వణికిస్తుంది. కాసిని మంచినీళ్లు తాగించి, మళ్లీ ఎక్కించండి.